జిల్లా పేజీలో రాజకీయం: ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా

పాదయాత్ర చేసే నాయకుడు ఎక్కడ అడుగు మొదలుపెట్టినా వచ్చి ఆగాలనుకునే ఊరు ఇచ్ఛాపురం. 2003 ఏప్రిల్‌లో చేవెళ్లలో బయల్దేరిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి వేసవంతా నడిచి జూన్‌లో ఇక్కడికి చేరారు. 2013 ఆగస్టులో షర్మిల యాత్ర ఇక్కడే ముగిసింది. 2019 జనవరి 9న జగన్‌మోహన్‌రెడ్డి 3,648 కిలోమీటర్ల నడక ముగించి ఇక్కడే స్తూపం ఆవిష్కరించారు. నారా లోకేశ్ యువగళం కూడా కుప్పం నుంచి ఇచ్ఛాపురం దాకా అని మొదలైనదే. అది 2023 డిసెంబరులో విశాఖ దగ్గర అగనంపూడిలో ఆగిపోయింది గానీ, రెండు నెలలు తిరక్కుండానే శంఖారావం సభలకు ఆయన ఎంచుకున్న మొదటి ఊరు మళ్లీ ఇచ్ఛాపురమే.

ఒడిశా సరిహద్దులో రాష్ట్రానికి చిట్టచివరి పట్టణం కాబట్టి ముగింపుకు బాగుంటుంది, అందులో వింతేముంది అనిపిస్తుంది. నిజమే. కానీ కారులో తిరిగి రోజుకు నాలుగు సభలు పెట్టుకునే వీలుండగా నెలల తరబడి నడవడం ఎందుకు? జవాబులో సగం జనంలో ఉంటే, మిగతా సగం తెలుగు పత్రికల పేజీల్లో ఉంది.

రాజధానిలో ప్రెస్‌మీట్ పెడితే దానికి మొదటి పేజీలో చోటివ్వాలా, ఏడో పేజీలో కింద పడేయాలా అన్నది ఒకరిద్దరి చేతిలో ఉంటుంది. నడిచే నాయకుడి లెక్క వేరు. ఇవాళ నరసన్నపేట, రేపు టెక్కలి, ఎల్లుండి పలాస. ప్రతి మండలానికీ ఒక విలేకరి ఉంటాడు. ప్రతి మండలానికీ జిల్లా పేజీల్లో కాస్త చోటుంటుంది. తమ ఊరి సెంటర్లో వేలమంది పోగైతే, ఆ మర్నాడు పేపర్లో ఫొటో లేకపోతే ఏజెంటే ఊరుకోడు. పక్క పేపర్లో వేశారు, మనకెందుకు లేదని డెస్క్‌కి ఫోన్ చేస్తాడు. అంటే యాజమాన్యానికి ఆ నాయకుడు గిట్టకపోయినా, నడక సాగినన్నాళ్లూ ఏదో ఒక మండలం పేజీలో ఆయన ఉండి తీరతాడు. 2003 నాటికి పెద్ద పత్రికలు తెలుగుదేశం వైపే ఉన్నాయని కాంగ్రెస్ వాళ్లు బాహాటంగానే అనేవారు. రాజశేఖరరెడ్డి ఆ తర్వాత ముఖ్యమంత్రిగా సభల్లో పేర్లు చెప్పకుండా ‘ఆ రెండు పత్రికలు’ అని దెప్పిపొడవడం అందరికీ గుర్తే. మొదటి పేజీ దొరకని నాయకుడు జిల్లా పేజీల మీదుగా నడుచుకుంటూ వెళ్లాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 185 సీట్లు వచ్చాయి. నడక వల్లే గెలిచారని చెప్పలేం, కరవు ఉంది, ఉచిత విద్యుత్తు హామీ ఉంది. కానీ ఆ తర్వాత నడవని నాయకుడు అరుదైపోయాడు.

ఇంతకీ ఈ జిల్లా పేజీ ఎప్పటిది? ఒకప్పుడు సిక్కోలుకు, అంటే శ్రీకాకుళానికి, తెలుగు పేపరంటే చాలావరకు విజయవాడ నుంచి రైల్లో దిగాల్సిందే. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక తెల్లారేసరికి పేపరు గుమ్మంలో పడడం మెల్లగా అలవాటైంది. 1989లో ఆ పత్రికే జిల్లాకొక చిన్న పేపరు విడిగా వేయడం మొదలుపెట్టింది, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. అంతకుముందు శ్రీకాకుళం పేరు పేపరుకెక్కిందంటే తుపానో, ఏజెన్సీలో ఎన్‌కౌంటరో అయి ఉండేది. జిల్లా పేజీలు వచ్చాక కల్వర్టు కూలినా వార్తే, డిపోలో కిరోసిన్ రాకపోయినా వార్తే. సర్పంచి, ఎంపీపీ, తహసీల్దారు మొదటిసారి పత్రిక వెలుతురులోకి వచ్చారు. అది మంచికే జరిగింది. పేపరుకు భయపడే అధికారి, పేపరులో పేరు కోసం తాపత్రయపడే చోటా నాయకుడు ఒకే ఏట పుట్టారనడం కూడా తప్పు కాదు.

పత్రిక, పార్టీ చేయి కలిపిన తొలి పెద్ద సందర్భం దీనికి కొంచెం ముందుది. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పెట్టారు, 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. ఆ తొమ్మిది నెలలూ చైతన్యరథం వెంట ఈనాడు ఎలా నడిచిందో తెలుగునాట కథలు కథలుగా చెప్పుకుంటారు. పత్రికే పార్టీని గెలిపించిందని కొందరంటారు, ఆ గాలి వల్లే పత్రిక పెరిగిందని ఇంకొందరు. రెండూ ఒకేసారి జరిగాయి. కాంగ్రెస్‌తో విసిగిపోయిన, కొత్తగా పేపరు చదవడం మొదలుపెట్టిన ఊళ్లు అప్పటికే ఉన్నాయి. పత్రికకూ ఆ ఊళ్లకూ కావలసిన మనిషి ఒకడే అయ్యాడు. పాతికేళ్ల తర్వాత, 2008 మార్చిలో, జగన్‌మోహన్‌రెడ్డి నాయకత్వంలో సాక్షి వచ్చినప్పుడు ఈ పాఠం బాగా చదివినవాళ్లే దాన్ని పెట్టారని తెలుస్తుంది. అప్పటినుంచి ‘పచ్చ మీడియా’, ‘నీలి మీడియా’ అన్న మాటలు టీకొట్టు దాకా వచ్చేశాయి.

వ్యవహారం అంతా పైన యజమానుల స్థాయిలో నడుస్తుందనుకుంటే పొరపాటు. అసలు మెలిక మండల విలేకరి దగ్గర ఉంది.

మండల విలేకరిని పత్రికలు కంట్రిబ్యూటర్ అంటాయి. చాలామందికి జీతం ఉండదు. రాసిన వార్త ఎంత మేర అచ్చయిందో కొలిచి, దాన్నిబట్టి ఇచ్చే లైన్ అకౌంట్ పెట్రోలుకు కూడా చాలదు. రాబడి వచ్చేది ప్రకటనల కమీషన్ మీద. సంక్రాంతికి, ఉగాదికి, పత్రిక వార్షికోత్సవానికి మండలానికింత అని టార్గెట్ పడుతుంది. ఆ టార్గెట్ ఎవరిని అడిగి పూర్తి చేయాలి? రైస్‌మిల్లు యజమానిని, ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్‌ని, కాంట్రాక్టు పనులు చేసే సర్పంచిని, ఎమ్మెల్యే పుట్టినరోజుకు అరపేజీ శుభాకాంక్షలు వేయించే అనుచరుణ్ణి. వచ్చే వారం కాలవ పూడికతీతలో బిల్లులు ఎక్కువ పెట్టారని రాయాల్సింది కూడా వీళ్ల మీదే.

ఇలాంటి ఐటమ్ ఒకటి అచ్చయిందనుకోండి. ఏడు గంటలకల్లా ఫోన్ మోగుతుంది. ‘ఏటి బాబూ, కాలవ మీద అలాగ రాసీసినారు? ముందుగాల ఒక్క మాట అడగలేకపోనారా?’ గొంతులో కోపం కంటే చనువే ఎక్కువ. ఆ చనువే కష్టం. ఎదిరించి బెదిరిస్తే విలేకరి మొండికేస్తాడు, పై ఎడిషన్‌లో పెద్దదిగా రాయిస్తాడు. అన్నగారూ తమ్ముడూ అని పిలుచుకునే చోట మాత్రం రెండో ఐటమ్ రాదు. బదులుగా మూడు రోజులకు ‘పూడికతీత పనులు పరిశీలించిన ఎంపీపీ’ అని ఫొటోతో వస్తుంది. సెన్సార్‌షిప్ అన్న పెద్ద మాట ఇక్కడ అక్కర్లేదు. ఒక మనిషి నెల ఎలా గడుస్తుందో తెలిస్తే చాలు.

ఇదే విలేకరి ఇంకో రోజు, అదే పేజీలో, డయాలసిస్‌కు వెళ్లడానికి బస్సు లేదని ఒక ముసలామె గురించి ఆరు వాక్యాలు రాస్తాడు. కలెక్టరేట్ నుంచి వివరణ అడుగుతారు, బస్సు వేస్తారు, పత్రిక తన పేరు పెట్టి ‘ఎఫెక్ట్’ అని మర్నాడు బాక్సు కడుతుంది. రెండూ నిజాలే, ఒకే మనిషి చేసే పనులే.

ఎన్నికల కాలంలో ఈ సంబంధం పచ్చిగా బయటపడుతుంది. 2009 ఎన్నికల్లో అభ్యర్థులకు ప్యాకేజీలు కట్టి వార్తలు అమ్మారన్న ఫిర్యాదులు దేశమంతటా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాట గట్టిగా ఎత్తింది జర్నలిస్టుల సంఘాలే. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఒక ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి కలిసి పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టి, పేర్లు లేని చిన్న నివేదిక ఒకటి విడుదల చేసింది. అసలుది 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే బయటికొచ్చింది. అందరినీ ప్రశ్నించే పత్రికలు తమ గురించి రాసిన కాగితాన్ని ఏడాదిపైగా దాచుకున్నాయన్నమాట.

ఇప్పుడు ఎన్నికలప్పుడు ప్రతి జిల్లాలోనూ ఎన్నికల అధికారి అయిన కలెక్టర్ కింద మీడియా సర్టిఫికేషన్, పర్యవేక్షణ కమిటీ ఉంటుంది. టీవీలో వేసే రాజకీయ ప్రకటనకు ముందుగా అనుమతి కావాలన్న నిబంధన 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం నుంచి వచ్చింది. ఆ కేసు పేరులోనే జెమిని టీవీ ఉంది, అంటే తగువు మొదలైంది మన దగ్గరే. పేపర్లో డబ్బు తీసుకుని వేసిన వార్త అని కమిటీ తేల్చితే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో కలుపుతారు. అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. కానీ ‘ఫలానా అభ్యర్థికి బ్రహ్మరథం’ అన్న ఐటమ్‌లో డబ్బు చేతులు మారిందని ఎవరు రుజువు చేస్తారు? రసీదు ఉండదు. ఒకే రోజు రెండు పేపర్లలో అక్షరం తేడా లేకుండా అదే వార్త వస్తేనో, ఒకే పేజీలో ఇద్దరు అభ్యర్థులూ గెలుస్తున్నట్టు రాస్తేనో అనుమానం వస్తుంది, అంతకు మించి దొరకదు. నేరుగా ఒక పార్టీ సొంత పత్రిక ఆ పార్టీని పొగిడితే డబ్బు చేతులు మారిందని చెప్పడమే కుదరదు. డబ్బిచ్చే చేయి, తీసుకునే చేయి ఒక్కటే కదా.

ప్రభుత్వం చేతిలో ఉన్న తాళాలు ఇంకో రకం. జిల్లాలో విలేకరికి అక్రిడిటేషన్ కార్డు, అంటే ప్రభుత్వ గుర్తింపు కార్డు, ఇచ్చే కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. బస్సు రాయితీ, ఆరోగ్య పథకం, ప్రతి ప్రభుత్వమూ ఊరించే ఇళ్ల స్థలం, అన్నీ ఆ కార్డు చుట్టూనే తిరుగుతాయి. ప్రభుత్వ ప్రకటనలు ఏ పత్రికకు ఎన్ని అన్నది సమాచార శాఖ తేలుస్తుంది. 2022 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లకు పేపరు కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. ఆ డబ్బంతా ముఖ్యమంత్రి కుటుంబ పత్రికకే పోతుందని ఈనాడు యాజమాన్యం కోర్టుకెళ్లింది, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఢిల్లీ హైకోర్టుకు చేరింది. తప్పుడు వార్తలు రాసిన పత్రికల మీద కేసులు పెట్టే అధికారం శాఖలకిస్తూ 2007లో 938 జీవో వచ్చింది, గొడవ అయ్యాక ఆగింది. 2019లో 2430 జీవోతో అదే పని మళ్లీ జరిగింది. తండ్రీకొడుకుల ప్రభుత్వాలు రెండూ జర్నలిస్టుల నుంచి ఒకే రకం నిరసన చూశాయి.

కేబుల్ వైరు సంగతి ఇంకా సులువు, జీవో కూడా అక్కర్లేదు. 2016 జూన్‌లో కాపు రిజర్వేషన్ దీక్ష నడుస్తున్న రోజుల్లో రాష్ట్రంలో సాక్షి టీవీ ఆగిపోయింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే సాక్షితో పాటు టీవీ9, ఎన్టీవీ, 10టీవీ చాలాచోట్ల కేబుల్‌లో కనిపించకుండా పోయాయి. తమకేం సంబంధం లేదని అధికార పార్టీ చెప్పింది. ఊళ్లో కేబుల్ ఆపరేటర్‌ని అడిగితే ‘పైనుంచే రావట్లేదు’ అంటాడు. ఆ పైన ఎవరున్నారన్నది మాత్రం ప్రతి ప్రభుత్వంలోనూ అంతుపట్టదు.

ఇంత హంగామా చూశాక, ఓటు కూడా వీళ్ల చేతిలోనే ఉందనుకోవడం సహజం. అంకెలు అలా చెప్పవు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో 2019లో పది సీట్లకు ఎనిమిది వైఎస్సార్‌సీపీకి వచ్చాయి. 2024లో అవే పది సీట్లూ కూటమికి వెళ్లాయి. విజయనగరంలో ఇంకా విడ్డూరం, అప్పుడు తొమ్మిదికి తొమ్మిది ఒకరికి, ఇప్పుడు తొమ్మిదికి తొమ్మిది మరొకరికి. ఈ అయిదేళ్లలో పేపర్లు మారలేదు, వాటి పక్షాలూ మారలేదు. చదివే మనిషి మారాడు. 2004లోనూ అంతే, పెద్ద పత్రికలకు అలవాటైన పార్టీ ఓడింది.

పత్రికలు ప్రజలకు ఏమనుకోవాలో చెప్పలేవు గానీ దేని గురించి అనుకోవాలో చెప్పగలవు అన్న వాదన అమెరికాలో అరవైల నాటిది. 1968 అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే పట్టణంలో ఇంకా ఎటూ తేల్చుకోని వందమంది ఓటర్లను మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు ప్రొఫెసర్లు అడిగి చూశారు. ఓటర్లు ముఖ్యమనుకున్న సమస్యల వరుస, మీడియా ఎక్కువగా చూపించిన సమస్యల వరుస దాదాపు ఒకటిగా తేలింది. తెలుగు జిల్లాకు ఈ సూత్రం పూర్తిగా సరిపోదు. చాపెల్ హిల్‌లో పత్రికలు వేటికవి పోటీపడినా వరుస మాత్రం ఇంచుమించు ఒకటే ఇచ్చాయి. మన దగ్గర రెండు వరుసలు నడుస్తాయి. 2022 సెప్టెంబరు 12న అమరావతి రైతులు అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి దాకా యాత్ర మొదలుపెట్టారు. ఒక పేపర్లో అది మహాపాదయాత్ర, ఇంకో పేపర్లో ఉత్తరాంధ్ర మీద దండయాత్ర. అది అక్టోబరులో రామచంద్రపురం దగ్గర ఆగిపోయింది, అరసవల్లి దాకా రానే లేదు. అయినా సిక్కోలు జిల్లా పేజీల్లో వారాల తరబడి నడిచింది. ఏడు రోడ్ల కూడలిలో టీ తాగుతూ రెండు పేపర్లూ తిరగేసేవాళ్లు అందులో ఎవరు ఏం దాచారా అని చూస్తారు, ఏది నిజమా అని కాదు. వార్తకు ఒక పార్టీ యజమాని అయ్యాక దాని బలం తగ్గిపోతుంది. అవతలి పార్టీ మనిషి దాన్ని చదవడమే మానేస్తాడు, ఇవతలి మనిషికి అది ముందే తెలుసు.

పక్క జిల్లాలో భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు శంకుస్థాపన చేశారు. 2023 మే 3న జగన్ మళ్లీ చేశారు. రెండుసార్లూ పేజీలకు పేజీల ప్రకటనలు, రెండుసార్లూ ఉత్తరాంధ్ర దశ మారుతుందన్న శీర్షికలు. ఆ విమానాశ్రయం ఎప్పుడు పుట్టిందో చెప్పాలంటే ముందు ఏ పేపరు ఇంటికి వస్తుందో చెప్పాలి.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ సోంపేటది. బీల చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం వద్దని 2009 చివర్లో మొదలైన రిలే దీక్షలు జిల్లా పేజీలో రెండు వాక్యాల ఐటమ్‌గా బతికాయి. ‘నేటికి ఇన్నో రోజుకు చేరిన దీక్షలు’, కింద కూర్చున్నవాళ్ల పేర్లు. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. నీళ్లు నిలిచిన ఆ పొలాల్లో పోలీసులు, పరుగెత్తే రైతులు టీవీల్లో కనబడ్డారు. పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని అదే రోజు రద్దు చేసింది. అథారిటీ ముందు విచారణ అంతకుముందే నడిచింది కాబట్టి ఆ ఘనత టీవీకి కట్టబెట్టడం సరికాదు. కానీ ప్రాజెక్టును మళ్లీ లేపడానికి ఏ పార్టీకీ ధైర్యం చాలకపోవడంలో ఆ దృశ్యాల పాత్ర ఉంది. అన్ని రోజుల దీక్ష చేయించలేనిది ఒక్క పూట బొమ్మలు చేయించాయి. పెద్దలకు ప్రక్రియ అక్కర్లేదు, సంఘటన కావాలి. ఉద్యమాలు కూడా ఇది గ్రహించి రోడ్డు దిగ్బంధాల వైపు మొగ్గుతాయి.

ఉద్దానం కథ వీటన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారని ఏళ్ల తరబడి రాసింది స్థానిక విలేకరులు. అప్పట్లో అది ఏ పార్టీదీ కాదు, అందుకే అన్ని పేపర్లూ రాశాయి. కొబ్బరితోటల మధ్య ఒక్కో వీధిలో ఇంటికొకరు డయాలసిస్ మీద ఉన్నారన్న కథనాలు ఎవరి మీదా దాడి కాదు, ఎవరికీ ప్రచారం కాదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి మాట్లాడాక ఆ మాట రాష్ట్రమంతటా మారుమోగింది. ఆ తర్వాత పరిగెత్తినట్టు పనులు జరిగాయి. డయాలసిస్ కేంద్రాలు పెరిగాయి, 2,500 రూపాయల పింఛను వచ్చింది, 2019లో అది పది వేలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమయ్యాయి. మీడియా ఒత్తిడి, రాజకీయ పోటీ కలిసి జనానికి మేలు చేసిన సందర్భం ఉత్తరాంధ్రలో ఇంతకంటే పెద్దది వెతకడం కష్టం.

ఆ ప్రారంభోత్సవం రోజు నుంచే ఉద్దానం వార్త రెండుగా చీలింది. ఆస్పత్రి ఎవరు కట్టారు, నీళ్ల పథకం ఎవరి ఆలోచన, అందులో పనిచేసేదెంత, చేయనిదెంత అన్నది ఎన్నికలదాకా రెండు రకాల పేపర్లలో రెండు రకాలుగా నడిచింది. అంతకుముందు అన్ని పేపర్లూ అడిగిన ప్రశ్న ఒకటుండేది, ఈ రోగం ఎందుకొస్తోందని. భూగర్భజలాల్లో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు చాలక అన్నారు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నారు. ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆ ప్రశ్న రాయడానికి విలేకరికి ఏ పార్టీ అడ్డూ లేదు, ప్రకటన కూడా పోదు. ఐటమ్‌లో తిట్టడానికి ఎవరూ దొరకరు, అంతే. జిల్లా పేజీలో ఇప్పుడు అది కిడ్నీ దినోత్సవం నాడు వస్తుంది.